సెల్ఫ్ క్లీనింగ్ ఓవెన్ లోపల జరిగేదేమిటి: పైరోలిటిక్, క్యాటలిటిక్, స్టీమ్ పద్ధతుల గురించి

మధురవాడలో కొత్త ఫ్లాటుకు బిల్టిన్ ఓవెన్ కొనబోతున్నామనీ, షాపులో చూపించిన మూడు మోడళ్లనూ సెల్ఫ్ క్లీనింగ్ అనే చెప్పారనీ, ధరలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయనీ, ఆదివారాలు తందూరీ చికెన్, అప్పుడప్పుడు వంజరం ముక్కలు, పిల్లలకు కేకులు చేసే ఇంటికి ఏది నప్పుతుందనీ మీరు అడిగారు. విశాఖలో వంటింటి పరికరాలు బిగించడం, మరమ్మతు చేయడం నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. ఆ మూడు మోడళ్లూ మూడు వేర్వేరు పద్ధతులవి అయి ఉంటాయి. ఒక పద్ధతి వదిలించే మురికిని మరొక పద్ధతి తాకను కూడా తాకదు. అందుచేత ధర కంటే ముందు మీ ఇంట్లో ఓవెన్ గోడలకు పట్టేది ఏమిటో చూడాలి.

పాలు, పెరుగు, పిండి వంటివి చిందినప్పుడు ఎండి గట్టిపడినా తడి తగిలితే మెత్తబడతాయి. నూనె సంగతి వేరు. వేడి గోడ మీద పడిన నూనె తుంపర గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది, దాని అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి, ముందు బంకలా సాగి, తరువాత గోధుమరంగు వార్నిష్‌లా అంటుకుని, చివరికి నల్లటి పెంకు కడుతుంది. పాత ఇనప దోసె పెనానికి ఆ నల్లటి నునుపు వచ్చేది సరిగ్గా ఈ చర్య వల్లనే. పెనం మీద కావాలని పెంచుకుంటాం, ఓవెన్ గోడ మీద వద్దని గీకుతాం, అంతే తేడా. ఆ దశకు చేరిన నూనె సబ్బుకు లొంగదు, మరిగే నీటికి నానదు, మామూలు వంట వేడికి కరగనూ కరగదు. తందూరీకి పెరుగు, నూనె, మసాలా కలిపి పట్టించిన కోడి ముక్కలు 230 డిగ్రీల దగ్గర చిటపటలాడినప్పుడు గోడలన్నిటి మీదా పడేది ఎక్కువగా ఈ రకమే.

పైరోలిటిక్ ఓవెన్ ఈ పెంకును నానబెట్టే ప్రయత్నమే చేయదు, కాల్చి బూడిద చేస్తుంది. క్లీనింగ్ మొదలుపెట్టగానే లోపలి వేడి క్రమంగా పెరిగి 480 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వరకూ వెళుతుంది. ఆ వేడిలో పెనవేసుకుపోయిన అణువులు తెగి వాయువులుగా మారతాయి, మిగిలిన బొగ్గు లాంటి పదార్థం లోపలున్న గాలితో నెమ్మదిగా మండిపోతుంది. బయటికి వెళ్లే పొగ దారిలో చాలా మోడళ్లలో ఒక చిన్న ఉత్ప్రేరక జల్లెడ ఉంటుంది, పొగలో కాలకుండా మిగిలినదాన్ని అది కాలుస్తుంది. మురికిని బట్టి ఇదంతా గంటన్నర నుంచి మూడు గంటలు పడుతుంది, ఆ తరువాత చల్లబడడానికి ఇంకొంత సమయం కావాలి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఇళ్లలో వాడుకునే ఇలాంటి ఓవెన్‌ను 1963లోనే తెచ్చింది. అప్పటినుంచీ లోపలి కంట్రోళ్లు మారాయి గానీ మూలసూత్రం మారలేదు.

వేడి సుమారు 300 డిగ్రీలు దాటకముందే తలుపు తనంతట తాను తాళం వేసుకుంటుంది, మళ్లీ అంతకంటే చల్లబడేదాకా తెరుచుకోదు. పిల్లల చేతులు కాలకుండా చూడడం దీనికి ఒక కారణం. అంత వేడి మీద తలుపు తెరిస్తే తాజా గాలి ఒక్కసారిగా లోపలికి చొరబడి, అక్కడున్న వాయువులు భగ్గుమనే ప్రమాదం ఉండడం ఇంకొక కారణం. మీరు ఎక్కువ పెట్టే డబ్బు ఎక్కడికి పోతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. తలుపుకు మూడు లేదా నాలుగు పొరల అద్దం, చుట్టూ మందపాటి వేడినిరోధక దూది, తాళం నడిపే మోటారు, బయటి పెట్టెను చల్లబరిచే ఫ్యాను, వీటన్నిటికీ మించి లోపలి ఎనామిల్ పూత. ఎనామిల్ అంటే ఉక్కు రేకు మీద కరిగించి పోసిన గాజు. ఉక్కు, గాజు వేడికి ఒకే తీరున వ్యాకోచించవు గనుక, ఏళ్ల తరబడి 500 డిగ్రీల దాకా వెళ్లి వచ్చినా పగలని పూతను ప్రత్యేకంగా తయారు చేయాలి. మామూలు ఓవెన్‌కు ఈ పూత ఉండదు. కాబట్టి ఈ క్లీనింగ్ సెట్టింగు లేని ఓవెన్‌ను ఎలాగోలా అంత వేడి చేయవచ్చునా అని కొందరు అడిగే ప్రశ్నకు సమాధానం కచ్చితంగా కూడదనే.

క్లీనింగ్ చక్రం, అంటే వేడెక్కడం నుంచి చల్లబడేదాకా జరిగే ఒక దఫా, పూర్తయ్యాక తలుపు తీస్తే అడుగున లేత బూడిదరంగు పొడి కనిపిస్తుంది. తడిపి పిండిన గుడ్డతో ఒకసారి తుడిస్తే అది పోతుంది. అయితే తందూరీ చేసే ఇళ్లలో అక్కడక్కడా తెల్లటి మచ్చలు మిగిలిపోతాయి, వాటిని చూసి పూత దెబ్బతిందని కంగారుపడి ఫోన్ చేసేవారు చాలామంది. అది మసాలాలోని ఉప్పు. ఉప్పు ఆ వేడికి మండదు, కరగదు, ఆవిరి కాదు. తడిగుడ్డతో రెండోసారి తుడిస్తే పోతుంది. తలుపు చుట్టూ ఉండే గాస్కెట్‌కు అవతలి అంచు మాత్రం ఈ చక్రంలో శుభ్రపడదు. అక్కడికి శుభ్రం చేసేంత వేడి చేరదు సరికదా, అక్కడున్న జిడ్డు ఇంకా గట్టిగా మాడి అతుక్కునే వేడి మాత్రం చేరుతుంది. అందుకే ఆ అంచును ముందే సబ్బునీళ్లతో తుడుచుకోవాలి. గాస్కెట్‌ను మాత్రం రుద్దకూడదు, ఎందుకంటే దాని అల్లిక ఒకసారి నలిగితే వేడి అక్కడినుంచే బయటికి వస్తుంది.

చక్రం మొదలుపెట్టే ముందు ట్రేలు, జాలీలు, పక్క పట్టాలు, సిలికాన్ అచ్చులు, రేకు కాగితం అన్నీ బయటికి తీసేయాలి. పైరోలిటిక్‌కు పనికొస్తాయని తయారీదారు స్పష్టంగా రాసినవి తప్ప క్రోమ్ పూత ఉన్న జాలీలు ఆ వేడికి నీలంగా మారి మెరుపు పోగొట్టుకుంటాయి, తరువాత పట్టాల మీద సాఫీగా జరగవు. అడుగున నూనె మడుగు కట్టి ఉంటే ఒత్తి తీయాలి, లేకపోతే అది అంటుకుంటుంది. పంచదార పాకం చిందినా ముందే తుడవాలి, ఎందుకంటే అది విపరీతంగా పొగలేస్తుంది, పూతనూ పట్టుకుంటుంది.

పొగ గురించి ఇంకొంచెం చెప్పాలి. మొదటి అరగంట, ముప్పావుగంట వాసన ఘాటుగానే ఉంటుంది, ఆ వాయువుల్లో కార్బన్ మోనాక్సైడ్ కూడా కొంత ఉంటుంది. కాబట్టి చిమ్నీ నడవాలి, కిటికీ తెరిచి ఉండాలి. బీచ్ రోడ్డు వైపు ఫ్లాటుల్లో సముద్రపు గాలి ఎదురుగా కొట్టి చిమ్నీ పొగను మళ్లీ లోపలికి నెట్టడం చూస్తుంటాం. అలాంటి చోట గాలి దిశ చూసుకుని వేరే వైపు కిటికీ తెరవాలి. ఆస్తమా ఉన్నవారు ఆ సమయంలో వేరే గదిలో ఉండడం మంచిది. ఇంట్లో లవ్ బర్డ్స్ లాంటి పక్షులు ఉంటే వాటిని వంటింటి దరిదాపుల్లో ఉంచనే కూడదు. నాన్‌స్టిక్ పూత మితిమీరి వేడెక్కినప్పుడు వెలువడే వాయువులు పక్షుల ఊపిరితిత్తులకు ప్రాణాంతకం, మరిచిపోయి లోపల వదిలేసిన ఒక్క నాన్‌స్టిక్ ట్రే చాలు.

ఇక కరెంటు. మన దగ్గర పైరోలిటిక్ ఓవెన్లకు వచ్చే తిప్పల్లో ఎక్కువ భాగం ఇక్కడినుంచే వస్తాయి. ఈ ఓవెన్లు సుమారు 3.6 కిలోవాట్ల వరకూ లాగుతాయి. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 15.7 ఆంపియర్లు, అంటే 16 ఆంపియర్ల సాకెట్టుకు నిండా పనే. కేకు కాల్చేటప్పుడు హీటరు వెలిగి ఆరుతూ ఉంటుంది గనుక సాకెట్టుకు మధ్యమధ్య విశ్రాంతి దొరుకుతుంది. క్లీనింగ్‌లో అలా కాదు, వేడి పైకెక్కేదాకా విడవకుండా లాగుతుంది. ఓవెన్ మధ్యలో ఆగిపోయిందని పిలిస్తే వెళ్లి ప్లగ్గు బయటికి లాగినప్పుడు, పిన్ను మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, అంచు మెత్తబడి కిందికి జారి, ఇత్తడి పిన్ను మీద పచ్చటి చిలుము కనిపించిన సందర్భాలు నాకు కొత్త కాదు. సముద్రపు ఉప్పుగాలికి పిన్ను చిలుము పడుతుంది, చిలుము పట్టిన చోట అతుకు వదులై వేడెక్కుతుంది, ఆ వేడికి అతుకు ఇంకా వదులవుతుంది. కాబట్టి ఓవెన్‌కు విడిగా ఒక లైను, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, సరైన ఎర్తింగ్ పెట్టించండి. ఆ లైను మీద గీజరు గానీ ఇంకేదైనా గానీ ఉండకూడదు.

సాయంత్రం వోల్టేజి పడిపోయే అపార్టుమెంట్లలో ఇంకొక చిక్కు ఉంది. హీటరు ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని, అంటే వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి 230కి బదులు 200 వోల్టులే అందితే వేడి నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది. అప్పుడు చక్రం సాగిపోతుంది, కొన్నిసార్లు వేడి చాలక మురికి సగమే కాలుతుంది. ఈదురుగాలులు వీచే రోజుల్లో, కరెంటు వచ్చి పోతూ ఉండే రోజుల్లో ఈ చక్రం అసలు మొదలుపెట్టకండి. 480 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కరెంటు పోతే చల్లబరిచే ఫ్యాను కూడా ఆగిపోతుంది. లోపలి వేడి మెల్లగా బయటి పెట్టెకూ, కంట్రోల్ బోర్డుకూ పాకుతుంది. తలుపు మూసుకునే ఉంటుంది, దాన్ని చాకుతోనో స్క్రూడ్రైవరుతోనో తెరిచే ప్రయత్నం చేయకూడదు. ఇన్వర్టరు ఆ భారాన్ని మోయలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు కూడా వద్దు, మే నెల ఉక్కపోతలో ఆ వంటింట్లో నిలబడలేరు. తెల్లవారుజామున మొదలుపెడితే వోల్టేజీ బాగుంటుంది, ఇల్లూ చల్లగా ఉంటుంది. బిల్లు గురించి మాత్రం జనం భయపడేంత ఏమీ లేదు. ఒక చక్రానికి సాధారణంగా మూడు నుంచి ఐదు యూనిట్ల మధ్య ఖర్చవుతుంది, నెలకో రెండు నెలలకో ఒకసారి చేస్తే చాలు.

క్యాటలిటిక్ పద్ధతిలో విడిగా క్లీనింగ్ చక్రం లేదు, లేదా నామమాత్రంగా ఉంటుంది. ఓవెన్ వెనక గోడకు, పక్క గోడలకు, కొన్నిటిలో పైకప్పుకు గరుకుగా ఉండే పలకలు బిగిస్తారు. ఆ పూతలో సన్నటి రంధ్రాలు, మాంగనీస్, రాగి, సీరియం వంటి లోహాల ఆక్సైడ్లు ఉంటాయి. నూనె తుంపర పడగానే రంధ్రాల్లోకి ఇంకి పలచగా పరుచుకుంటుంది, 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆ ఆక్సైడ్లు నూనెను ఆక్సిజన్‌తో కలిపి కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా మార్చేస్తాయి. పైరోలిటిక్ 480 డిగ్రీలతో చేసే పనిని ఇది దాదాపు సగం వేడితోనే, వంట జరుగుతూ ఉండగానే చేస్తుంది. పొగ తక్కువ, తలుపుకు తాళం అక్కర్లేదు, కరెంటు లైను మీద అదనపు భారం లేదు.

చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ దీనికి రెండు హద్దులున్నాయి, షాపుల్లో ఆ రెండూ చెప్పరు. తుంపర పలచగా ఉంటేనే ఇది పని చేస్తుంది. ఒకేచోట చెంచాడు గ్రేవీ ఒలికితే అది రంధ్రాలను పూడ్చేస్తుంది, లోపలికి ఆక్సిజన్ అందదు, ఆ చోట నూనె వార్నిష్‌లా గట్టిపడి పలక అక్కడ శాశ్వతంగా పనిచేయడం మానేస్తుంది. పాలు, చీజ్, పంచదార కూడా అంతే. రెండోది వేడికి సంబంధించినది. కేకులు మాత్రమే చేసే ఇంట్లో ఓవెన్ ఎప్పుడూ 160, 180 డిగ్రీలు దాటదు, అంటే క్యాటలిటిక్ పలక ఎప్పటికీ నిద్ర లేవదు. అలాంటివారు ఖాళీ ఓవెన్‌ను 250 డిగ్రీల దగ్గర ఫ్యానుతో సహా గంటసేపు అప్పుడప్పుడు నడపాలి. ఫ్యాను చుట్టూ ఉన్న వెనక పలక బాగా పని చేస్తుంది, ఎందుకంటే వేడి గాలి తాకిడి ఎక్కువగా దానికే తగులుతుంది. పక్క పలకలు దానంత చురుకుగా ఉండవు. అడుగు భాగం, తలుపు అద్దం మామూలువే గనుక చేత్తో తుడవక తప్పదు.

ఈ పలకలను పీచుతో రుద్దకూడదు, సబ్బు పెట్టకూడదు, ఓవెన్ క్లీనర్ అని అమ్మే స్ప్రేలు అసలే కొట్టకూడదు. ఆ స్ప్రేలలో చాలా వాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది, అది నూనెను సబ్బుగా మారుస్తుంది గానీ క్యాటలిటిక్ పూతను కూడా నాశనం చేస్తుంది. ఇల్లు శుభ్రంగా ఉండాలన్న పట్టుదలతో పనిమనిషి చేత స్టీలు పీచుతో తోమించి, కొత్త ఓవెన్ పలకలను మొదటి నెలలోనే పాడు చేసుకున్న ఇళ్లు ఉన్నాయి. ఎలా చూసుకున్నా కొన్నేళ్లకు పూత శక్తి తగ్గి పలకలు మార్చాల్సి వస్తుంది. అందుచేత కొనేముందే, ఆ మోడలుకు పలకలు విడిగా దొరుకుతాయా, వాటి ధర ఎంత, విశాఖలో తెప్పిస్తారా లేక పై ఊరి నుంచి రావాలా అని అడిగి రాయించుకోండి.

స్టీమ్ క్లీన్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అడుగున ఉన్న పల్లపు చోట సుమారు అర లీటరు నీళ్లు పోసి సెట్టింగు నొక్కితే, అడుగు హీటరు ఆ నీటిని 100 డిగ్రీలకు లోపలే వేడి చేసి, ఇరవై ముప్పై నిమిషాలు ఆవిరి పట్టిస్తుంది. పాలు, పిండి, పంచదార, నిన్నటి తాజా జిడ్డు మెత్తబడతాయి, మీరు గుడ్డతో తుడవాలి. వారాల తరబడి కాలిన నూనె పెంకును అది కదిలించలేదు, ఎందుకంటే ఆ పదార్థానికి నీటితో పని లేదు. ఈ సెట్టింగు ఉందని మోడలుకు అదనంగా డబ్బు పెట్టడం నాకైతే సమ్మతం కాదు. మామూలు ఓవెన్‌లో ఒక గిన్నెడు నీళ్లు పెట్టి వేడి చేసినా చాలా వరకూ అదే ఫలితం వస్తుంది. వర్ల్‌పూల్ వారి ఆక్వాలిఫ్ట్ లాంటి వాటిలో నీటికి మురికి సులభంగా వదిలేలా ఎనామిల్ మీద ప్రత్యేకమైన పూత ఉంటుంది, అయినా తుడిచే పని మనదే.

స్టీమ్ వాడేవారు బోరు నీళ్లు పోయకూడదు. తీరం వెంబడి మన బోర్లలో ఉప్పు, గట్టిదనం ఎక్కువ. నీరు ఆవిరైపోయాక అడుగున తెల్లటి సున్నపు పొర మిగులుతుంది, రెండు మూడు సార్లకే అది మరకలా కనిపిస్తుంది, వెనిగర్‌తో తుడిస్తే పోతుంది. ఆర్వో నీళ్లు పోస్తే ఆ బెడద ఉండదు. పని అయ్యాక గోరువెచ్చగా ఉండగానే తుడిచి, తలుపు కాసేపు ఓరగా వదిలేయాలి. మన ఊరి తేమకు లోపలి స్క్రూలు, లైటు మూత అంచులు తుప్పు పట్టడం అక్కడినుంచే మొదలవుతుంది.

షాపులో అమ్మేవారి మాట మీద ఆధారపడకుండా మీరే కనిపెట్టవచ్చు. తలుపు తెరిచి పక్క గోడను వేలితో తడమండి. గాజులా నున్నగా, మెరుస్తూ ఉంటే అది మామూలు ఎనామిల్‌గానీ పైరోలిటిక్‌గానీ అయి ఉంటుంది. మసకబారిన బూడిదరంగులో, సన్నటి గరుకు కాగితంలా తగిలితే క్యాటలిటిక్. తరువాత తలుపు అంచు చూడండి. అద్దాలు మూడు నాలుగు ఉండి, పై అంచులో తాళపు కొక్కెం పట్టే రంధ్రం ఉంటే పైరోలిటిక్ అనుకోవచ్చు. అద్దాలు రెండే ఉండి, అడుగున నీళ్లు నిలిచే పల్లం ఉంటే స్టీమ్ మాత్రమే. మాన్యువల్‌లో క్లీనింగ్ పేజీ తెరిపించి, ఎన్ని డిగ్రీలకు వెళుతుందో చూస్తే అనుమానం పూర్తిగా తీరుతుంది. క్యాటలిటిక్ పలకలు ఒక్క వెనక గోడకే ఉన్నాయో, పక్కలకు కూడా ఉన్నాయో కూడా ఆ పేజీలోనే ఉంటుంది.

మీరు రాసిన వంటలను బట్టి చూస్తే, వారం వారం తందూరీ చేసే మాట నిజమైతే, కరెంటు లైను నేను చెప్పినట్టు వేయించుకోగలిగితే పైరోలిటిక్ కొనండి, ఆ డబ్బు వృథా కాదు. లైను కుదరకపోయినా, వంటింటికి గాలి సరిగా ఆడకపోయినా, వెనకా పక్కలా క్యాటలిటిక్ పలకలున్న మోడలు తీసుకుని, తందూరీ ముక్కల కింద లోతైన ట్రే పెట్టి, అడుగును ప్రతిసారీ గోరువెచ్చగా ఉండగానే తుడుచుకుంటే ఏళ్ల తరబడి ఇబ్బంది ఉండదు. తందూరీ పండుగలకే పరిమితమై, ఎక్కువగా కేకులూ బిస్కట్లే అయితే పైరోలిటిక్, క్యాటలిటిక్ రెండూ అనవసరం. మామూలు ఎనామిల్ ఓవెన్, ఒక మెత్తటి గుడ్డ చాలు. ఇప్పుడు వాడుతున్నది ఓటీజీ అయితే, దాని లోపలి రేకుకు చాలావరకూ అల్యూమినియం గానీ జింకు గానీ పూతగా ఉంటుంది కాబట్టి కాస్టిక్ స్ప్రేలు దానికి కూడా వాడకండి, పలచటి సబ్బునీళ్లతోనే సరిపెట్టుకోండి.

కొత్త ఫ్లాటు అన్నారు కాబట్టి వడ్రంగి పని మొదలు కాకముందే ఒకటి చూసుకోండి. ఓవెన్ సాకెట్టును ఓవెన్ వెనకే పెట్టిస్తే, వేడి తగలడమే కాక, చిలుము పట్టిందేమో చూడాలన్నా ఓవెన్ మొత్తం బయటికి లాగాలి. పక్క అరలో, చెయ్యి పెడితే అందేచోట పెట్టించండి. అర వెనక భాగాన్ని ప్లైవుడ్‌తో మూసేయకుండా వదిలేయమనండి, కింద గాలి లోపలికి వచ్చే సందు, పైన బయటికి వెళ్లే సందు మాన్యువల్‌లో ఇచ్చిన కొలతల ప్రకారమే ఉండాలి. పైరోలిటిక్ అయితే ఓవెన్‌ను ఆనుకుని ఉండే లామినేట్ అంచులకు వాడే జిగురు వేడిని తట్టుకునేదేనా అని కూడా ముందే అడగండి, ఎందుకంటే మొదటి క్లీనింగ్ తరువాత అంచు పట్టీలు ఊడిపోయాయనే ఫిర్యాదు ఓవెన్ కంపెనీ వారు పట్టించుకోరు, వడ్రంగి అప్పటికి దొరకడు.